ఇల్లు తుడవడమంటే చీపురా, తడిగుడ్డా?

పటమట రమ: మా ఇంట్లో పనికి కొత్తగా ఒకావిడ చేరింది, శ్రీకాకుళం వైపు మనిషి. "ఇల్లు తుడిచేశానమ్మా" అంటుంది. చూస్తే చీపురుతో ఊడ్చి వెళ్లిపోతోంది, మాపు ముట్టుకోవట్లేదు. బెజవాడలో తుడవడమంటే తడిగుడ్డేగా?

బ్రాడీపేట మూర్తి: తడిగుడ్డే, అనుమానం అక్కర్లేదు. మీ బెజవాడ వాళ్లు ఇల్లు చిమ్మడం అంటారు చూశారూ, అదీ తప్పే. నీళ్లు చిమ్ముతాయి, రక్తం చిమ్ముతుంది. చీపురుతో చేసేది ఊడవడం.

కృష్ణలంక పిల్ల: మా అమ్మమ్మ రోజూ వాకిలి చిమ్మి, కల్లాపి చల్లి, ముగ్గేసేది. తప్పంటారేంటండీ?

మూర్తి: వాకిలి వరకు ఒప్పుకుంటానమ్మా. కొబ్బరి ఈనెల చీపురుతో గట్టిగా కొడితే దుమ్ము, ఆకులు ఎగిరిపడతాయి, కాబట్టి చిమ్మడం. గదుల్లో మెత్తటి కొండచీపురు వాడతాం, అది ఊడవడమే.

రాయచోటి బాబు: మాకు అసలు చీపురే లేదు, పరక.

టెక్కలి శైలజ: మా ఇంట్లో చీపురుతో చేసేదాన్నే తుడవడం అంటాం. ఆవిడ అబద్ధం ఆడలేదు రమగారూ.

రమ: అబద్ధమని నేననలేదు. రెండు పనులకీ కలిపి జీతం మాట్లాడుకున్నాను. నాలుగు రోజులుగా నడుం నొప్పితో నేనే మాపు పెట్టుకుంటున్నా. ఆ డబ్బు కోసుకోవడం న్యాయం కాదా?

మూర్తి: మాట తెలియకపోతే నేర్చుకోవాలి. ఏ ఊళ్లో పని చేస్తే ఆ ఊరి మాట.

శైలజ: మా అమ్మ మీ ఊళ్లోనే పదేళ్లు ఇళ్లల్లో పనిచేసింది. ఒక ఇంట్లో ఇదే మాటకి "తుడవడం కూడా రాదా" అని నలుగురి ముందు నవ్వారు. ఆ తర్వాత ఆ ఇంట్లో అవును, కాదు తప్ప మాట్లాడేది కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు కదా, ఎవరి పుట్టినరోజని? గిడుగు రామమూర్తిగారిది. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట మా శ్రీకాకుళం జిల్లాలోనిదే. ఆయన వాడుక భాష కోసం కొట్లాడారు. మా వాడుక మాత్రం మీకు తప్పా?

మూర్తి: గిడుగువారంటే నాకూ గౌరవమే. జీతం దగ్గర మాత్రం మాటకి ఒకటే అర్థం ఉండాలి.

శైలజ: ఉండాలి. అది ఎప్పుడూ జీతం ఇచ్చేవాళ్ల అర్థమే ఎందుకవ్వాలి? రమగారూ, మొదటి రోజు మాపు చూపించి చెప్పారా?

రమ: లేదు. తెలుసనుకున్నాను. కోపంతో ఈ నాలుగు రోజులు సరిగ్గా పలకరించనూ లేదు. డబ్బు కోయను. తడిగుడ్డ పని మాత్రం చేయాల్సిందే, అది రేపు మాపు చేతికిచ్చి చెప్తాను.