వెళ్ళిపోయిన స్పాన్సర్‌ని ‘ఎందుకు మానేశారు’ అని అడిగితే నిజం చెబుతారా?

గాజుకుప్పె:
కంపెనీలు ఏటా సభ్యత్వ ఫీజు కడతాయి, ఆ డబ్బంతా కలిపి యూనివర్సిటీలో పరిశోధన జరుగుతుంది. అలాంటి కేంద్రంలో పని చేస్తున్నాను. ఈసారి కొందరు సభ్యులు రెన్యూవల్ చేయలేదు. వాళ్ళతో ఎగ్జిట్ ఇంటర్వ్యూలు చేద్దామని నేనంటున్నాను. పోయినవాళ్ళ వెంట పడటం దండగ, కొత్తవాళ్ళని వెతుకుదాం అని మా డైరెక్టర్ అంటున్నారు. మీరేమంటారు?

చెక్కు_పంపేవాడు:
మీ డైరెక్టర్ గారి మాటే కరెక్టు. నేను కంపెనీ వైపు మనిషిని, ఇలాంటి సభ్యత్వాలు కొన్ని ఆపించాను కూడా. వెళ్ళేటప్పుడు మేమంతా ఒకే మాట చెబుతాం: ‘ఈ ఏడు బడ్జెట్ తగ్గింది’. అది అబద్ధమూ కాదు. కానీ బడ్జెట్ తగ్గినప్పుడు అన్నిట్లోనూ కోత పెట్టం కదా, ఏది వదులుకున్నా పర్లేదో చూసి అదే వదులుతాం. మీ ప్రాజెక్టు ఆ జాబితాలోకి ఎందుకు చేరిందో మాత్రం చెప్పం. రేపు అదే ప్రొఫెసర్ దగ్గర చదివిన పిల్లల్ని ఉద్యోగంలోకి తీసుకోవాలి. మొహం మీద చెప్పి చెడ్డవాళ్ళం ఎందుకవ్వాలి?

నడిమివాడు:
ఇంత నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్. కానీ అందులోంచి మీరు తేల్చింది నాకు నచ్చలేదు. తప్పు ఇంటర్వ్యూది కాదు, అడిగే ప్రశ్నది. ‘ఎందుకు’ అంటే ఎవరైనా మర్యాదగా చెప్పుకోగల ఒక కారణం వెతుక్కుంటారు. ‘ఎప్పుడు, ఏం జరిగింది’ అని అడిగి చూడండి. మా రిపోర్టు చివరిసారి మీ ఆఫీసులో ఎవరెవరికి వెళ్ళింది? మమ్మల్ని మొదట తీసుకొచ్చిన మనిషి ఇప్పుడు ఏ విభాగంలో ఉన్నారు? రెన్యూవల్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఎవరు, ఆయన మమ్మల్ని ఎప్పుడైనా కలిశారా? వీటికి అబద్ధం చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. చాలాసార్లు తేలేది ఏమిటంటే, మన తరఫున లోపల మాట్లాడే ఒకే ఒక్క మనిషి బదిలీ అయ్యాడు, తర్వాత వచ్చినాయనకి మనం ఫీజు బిల్లుగా మాత్రమే తెలుసు.

ఇంకొకటి, డైరెక్టరే ఫోన్ చేస్తే అది ఇంటర్వ్యూ కాదు, ‘మళ్ళీ చేరండి’ అని బతిమాలడం. అమెరికాలో ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నడిపే ఐయూసీఆర్‌సీ పథకంలో (కంపెనీలు, యూనివర్సిటీలు కలిసి చేసే పరిశోధన కేంద్రాల కోసం పెట్టింది) ప్రతి కేంద్రానికీ పరిశోధనతో సంబంధం లేని మూల్యాంకకుడు ఒకరు ఉంటారు. సభ్యుల సమావేశాల్లో కూర్చోవడం, వాళ్ళ అభిప్రాయాలు తీసుకోవడం ఆయన పని. అక్కడ లైఫ్ ఫారం అని ఒకటుంది. ఒక్కో ప్రాజెక్టు గురించి విన్నాక సభ్యులు ‘ఆసక్తి ఉంది’, ‘మార్పులు చేస్తే ఆసక్తి’, ‘ఆసక్తి లేదు’ ఇలా గుర్తు పెడతారు. వెళ్ళిపోయిన సభ్యుడి పాత ఫారాలు ముందు పెట్టుకుని మాట్లాడితే ‘బడ్జెట్’ దగ్గరే ఆగిపోరు.

సిలికాన్_ముసలాయన:
సరే, నిజమే చెప్పారనుకుందాం. విని ఏం చేస్తారు? 1987లో 14 అమెరికన్ కంపెనీలు చిప్ తయారీ పరిశోధన కోసం సెమాటెక్ పెట్టుకున్నాయి, ప్రభుత్వం కూడా డబ్బు పెట్టింది. 1992లో మైక్రాన్, ఎల్‌ఎస్‌ఐ లాజిక్ తప్పుకున్నాయి. కారణం గుట్టేమీ కాదు. చిప్ తయారీ పద్ధతుల మీద పని చేస్తుందనుకున్న సంస్థ, చిప్‌లు చేసే యంత్రాల కంపెనీలను బలపరచడం వైపు తిరిగింది. అది తమకు పనికిరాదన్నారు. సెమాటెక్ మాత్రం అదే దారిలో వెళ్ళింది. 1996 తర్వాత ప్రభుత్వ నిధులు అక్కర్లేదని తనే చెప్పింది. వెళ్ళినవాడి ఫిర్యాదు నిజమైనంత మాత్రాన, దాన్ని సరిదిద్దాలని రూలేం లేదు.

నడిమివాడు:
నేను చెప్పేది కూడా అదేనండి! అది లక్ష్యాలు వేరైపోయి వెళ్ళడం, అక్కడ మీ తప్పేం లేదు. ఐపీ హక్కుల (పరిశోధనలో తేలినదాని మీద హక్కు ఎవరిదనే) క్లాజు మీద రెండు వైపుల లాయర్లు నెలల తరబడి లాగడం, రిపోర్టు కంపెనీ నిర్ణయం తీసేసుకున్నాక రావడం, ప్రాజెక్టు చేస్తున్న పీహెచ్‌డీ విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్తే ఆ పని అనాథ అవడం... ఇవి వేరు, ఇవి సరిచేయొచ్చు. అడక్కపోతే ఈ రెండు రకాలూ మీ లెక్కలో ‘సభ్యుడు తగ్గాడు’ అనే ఒకే గడిలో పడతాయి.

పేరొద్దు:
గోప్యత సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఉన్నదే కొద్దిమంది సభ్యులు, అందులో వెళ్ళినవాడు ఒకడు. ‘పేరు చెప్పకుండా’ రిపోర్టు రాస్తే మాత్రం ఎవరో తెలియదా? పోటీ కంపెనీ అదే బల్ల దగ్గర కూర్చుంటోంది కాబట్టి మా అసలు సమస్య బయటపెట్టలేకపోయాం అని చెప్పారనుకోండి, ఆ మాట సాయంత్రానికల్లా ఆ పోటీ కంపెనీకి చేరుతుంది. చాలా కేంద్రాల జవాబులు ఒకచోట కలిపితే ఎవరిదేదో తెలియదు. ఒంటరి కేంద్రానికి ఆ వీలు లేదు. నా మటుకు రాతలో ఏదీ పెట్టకూడదు. మార్చాల్సింది ఏమిటో మాత్రం డైరెక్టర్‌కి చెప్పాలి.

సిలికాన్_ముసలాయన:
రాతలో లేకపోతే వచ్చే డైరెక్టర్‌కి ఏం తెలుస్తుంది? మళ్ళీ మొదటికే.

గాజుకుప్పె:
అందరికీ థాంక్స్. వేరే విభాగంలో మా కేంద్రంతో సంబంధం లేని ఒక మేడమ్ ఉన్నారు, ఆవిడ చేత అడిగిద్దామనుకుంటున్నాను. ఇప్పుడేనా, కొన్నాళ్ళు ఆగాలా? చెక్కు గారూ, మిమ్మల్నే అడుగుతున్నా, మీకు అలాంటి కాల్ వస్తే మాట్లాడతారా?

చెక్కు_పంపేవాడు:
ఇప్పుడే వద్దు. కొత్త బడ్జెట్ ఖాయమయ్యేదాకా అడిగేవాళ్ళంతా మాకు డబ్బు కోసం వచ్చినవాళ్ళలాగే కనిపిస్తారు. ఆ తర్వాతైతే మాట్లాడతాను, డైరెక్టర్ లైన్లో లేకపోతే. అయినా ఇంకా ఉన్న సభ్యుల్ని ముందు అడగండి అనే అంటాను. ఆవిడని ఫోనే చేయమనండి, మెయిల్‌లో ప్రశ్నలు పంపితే నేను దాన్ని లీగల్‌కి పంపాలి, అక్కణ్ణుంచి మీకు వచ్చే జవాబు ‘బడ్జెట్’ అనే.