కుంటలో నీళ్ళు నిలుస్తాయా లేదా, తవ్వకముందే ఎట్ల తెలుసుకునేది?

పాకాల తోట:
అందరికీ నమస్కారం. మాది పాకాల పక్క పల్లె, రెండెకరాల్లో మామిడి పెట్టినాం, ఇంకా చిన్న చెట్లే. ఏప్రిల్, మేలో తడి ఇచ్చేదానికి కింది మూల ఆరడుగుల లోతు కుంట తవ్విద్దామని ఉండాం. పక్క తోటాయన పోయినేడు తవ్విచ్చినాడు, కార్తీకంలో వానకి నిండింది, పది రోజులకి అడుగు తేలింది. జేసీబీ ఆయనేమో ఎర్రమన్నే కదా నిలుస్తాయి అంటాడు. కుంటలో పరిచే ప్లాస్టిక్ షీటుకి చానా దుడ్డు అయితాది. ఇంట్లో ఉండే సామాన్లతో చూసుకునే దారి ఏమన్నా ఉందా?

వెదురుకుప్పం రైతు:
ఉంది అన్నా. పైమన్ను చూసి ఏమీ చెప్పలేం, మన పక్క పైన ఎర్రమన్ను ఉన్నా కింద రాయి పొడిపొడిగా అయిన గరుసు వస్తాది, నీళ్ళు దాంట్లోకే పోతాయి. అందుకని ముందు ఆరడుగుల గుంత తియ్యండి, వెడల్పుగా మెట్లు పెట్టి తియ్యండి, గోడ విరిగి పడితే ప్రమాదం. దాని అడుగున 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు చిన్న గుంత చెయ్యండి. పార తగిలి గోడలు నున్నగా మెత్తుకోనుంటాయి, కత్తితో గీకెయ్యండి, అడుగున గుప్పెడు కంకర వెయ్యండి లేకుంటే నీళ్ళు పోసినప్పుడు బురద లేస్తాది. ముందురోజు సాయంత్రం నుంచి తగ్గేకొద్దీ నీళ్ళు పోస్తా నాననియ్యండి. తెల్లారి స్కేలు పెట్టి అరగంటకి ఎంత దిగిందో రాసుకోని మళ్ళా అదే గుర్తుకి నింపండి. ఎండిన నేల మొదట్లో గటగటా తాగేస్తాది, ఆ లెక్క నమ్మొద్దు, వరసగా మూడు సార్లు ఒకే అంకె వచ్చేదాకా చూడాల. ఒక్క తావు చాలదు, రెండు మూడు తావుల్లో చెయ్యండి.

తిరుపతి సివిల్:
పై అన్న చెప్పింది కరెక్ట్. ఒక మాట, గుంతలో నీళ్ళు అడుగున మాత్రమే కాదు పక్కగోడల్లోకి కూడా పోతాయి, అందుకే దిగినదాన్ని తగ్గించి చూడాల. గుంత వెడల్పులో సగాన్ని, ఆ సగానికి నీటి లోతు రెండింతలు కలిపిన అంకెతో భాగించండి. 10 సెంటీమీటర్ల సగం, 15 నీటి లోతు అయితే 10ని 40తో, అంటే నాలుగో వంతు.
ల్యాబులో చేపించేటట్టయితే సంచిలో తవ్విన మన్ను తీసుకుపోవద్దండి, అది తవ్వితేనే సందులన్నీ మారిపోతాయి, పైపు దించి గడ్డ కదలకుండా తియ్యాల. ఇసకకి నీటి ఎత్తు మారకుండా పెట్టి కొలుస్తారు, బంకమన్నుకి సన్నటి గొట్టంలో నీటి మట్టం ఎంత సేపటికి దిగిందో చూస్తారు. 1856లో ఫ్రాన్స్‌లో దిజోన్ ఊరి నీళ్ళ కోసం డార్సీ అనే ఇంజనీరు ఇసక గొట్టాలతో చూసిన సూత్రమే ఈరోజుకీ ఈ లెక్కలన్నిటికీ ఆధారం.

పాకాల తోట:
చేసినానన్నా, 15 సెంటీమీటర్ల నీళ్ళతో. అరగంటకి 11, 7, 4, తర్వాత 3, 3, 3 సెంటీమీటర్లు. రెండో తావులో కూడా ఇట్లే వచ్చింది.

తిరుపతి సివిల్:
3 అంటే గంటకి 6, దాంట్లో నాలుగో వంతు ఒకటిన్నర, రోజుకి 36 సెంటీమీటర్లు. ఆరడుగులంటే 183, కాబట్టి ఐదు రోజులు. లోతు నీళ్ళుంటే ఒత్తిడికి ఇంకా తొందరగానే పోతాయి. దీన్లో ఏప్రిల్ దాకా నీళ్ళు నిలవవు.

వెదురుకుప్పం రైతు:
పక్కాయన కుంట కూడా పది రోజులకే అడుగు తేలింది చూడండి. తడికే కావాలంటే షీటు తప్పదు, లేదంటే చెరువు బంకమన్ను తెచ్చి ఒక్కొక్క పొర తడిపి తొక్కించాల, ఒట్టిగా పోస్తే లాభం లేదు. తొక్కించినాక మళ్ళా ఇదే టెస్టు చేసి చూడండి, నేనట్లే చేసినా. అదీ కాదంటే అట్లే ఇంకుడు గుంతగా వదిలెయ్యండి, వాననీళ్ళు భూమిలోకన్నా పోతాయి, మన బోర్లకి అదీ అవసరమే.

పాకాల తోట:
బంకమన్ను కింది చెరువులో ఉంది. ముందు మూలలో పది అడుగుల ముక్కకి వేసి తొక్కించి టెస్టు చేస్తా, అంకెలు ఈడే పెడతా.