టీ క్యాడీ: డబ్బా పేరా, తూకం పేరా?

అందరికీ నమస్కారం. మొన్న కొత్త టీ పొడి ప్యాకెట్టు తీసుకెళ్లి ఇంగువ డబ్బా పక్కన పెట్టేశా, మూతి సరిగ్గా మడవలేదు కూడా, నాలుగు రోజులకి టీ పెడితే పులిహోర వాసన. ఒక మంచి టీ క్యాడీ, అదే టీ పొడి దాచుకునే మూత డబ్బా, కొనొచ్చు కదా అంది మా ఆవిడ. అసలీ క్యాడీ అనే మాట ఎక్కడిదా అని వెతుకుతూ కూర్చుంటే అర్ధరాత్రయింది.

తీరా చూస్తే అది తూకం పేరండి. మలయ్ భాషలో కాటి, సుమారు 600 గ్రాములు, అంటే మన వీశెలో సగానికి కాస్త తక్కువ. అలాంటివి వంద అయితే ఒక పికల్, అదీ మలయ్ మాటే, మనిషి భుజాన మోసే బరువు అని అర్థం. చైనాలోని కాంటన్ రేవులో ఇంగ్లీషు వాళ్ల టీ బేరాలన్నీ ఈ లెక్కల్లోనే నడిచాయి, 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి ఇంట్లో టీ దాచుకునే చిన్న పెట్టెకి ఆ తూకం పేరే అతుక్కుపోయింది. అప్పట్లో టీ ఖరీదు మరి, పెట్టెకి తాళం, తాళంచెవి ఇంటావిడ దగ్గర. మనకేమో సోల, తవ్వ, మానిక, కుంచం, పాత్రే కొలత. వాళ్లకి తూకం పోయి పెట్టె మిగిలింది!

ఇంకోటి, కాంటన్ నుంచి ఓడల్లో వెళ్లే పెద్ద పెట్టెలకి లోపల పల్చటి సీసం రేకు వేసేవాళ్లు, తేమ కోసమే కాదు, టీ ఆకు పక్కనున్న ఏ వాసనైనా పట్టేస్తుంది (నా ఇంగువే సాక్ష్యం). 1773లో అమెరికాలో బ్రిటిష్ టీ పన్ను మీద కోపంతో బోస్టన్ రేవులో పారబోసిన 342 పెట్టెలూ చైనా టీయే. మన అస్సాం టీ లండన్ వేలానికి వెళ్లింది 1839లో కదా. ఆ బోస్టన్ పెట్టెల్లో ఎక్కువ భాగం బోహీ అనే రకం, చైనాలో ఫూజియన్ రాష్ట్రపు వూయీ కొండల పేరుని అక్కడి తీరం యాసలో పలికితే అలా అయింది.

› మా దిక్కు చాయ్ అంటం అన్నా. తేనీరు అంటే తేనె కలిపిన నీళ్లా అని మా పోరడు అడిగిండు, ఏం చెప్పాల్నో తెల్వలే. టీ, చాయ్ రెండూ చైనావేనా?

రెండూ చైనావే తమ్ముడూ, రాసే అక్షరం కూడా ఒకటే. ఫూజియన్ తీరం యాసలో తే, మాండరిన్‌లో, కాంటనీస్‌లో చా. డచ్చి వాళ్ల ఓడలతో యూరప్‌లో తే పాకింది, భూమార్గాన పర్షియా మీదుగా చాయ్ వచ్చింది. పోర్చుగీసు వాళ్లు కాంటనీస్ మాట్లాడే మకావులో ఉన్నారు కాబట్టి వాళ్లు మాత్రం షా అంటారు. తేనీరులో తేనె లేదు, తే ప్లస్ నీరు అంతే. తే పక్కన ఆకు వస్తే మధ్యలో యడాగమం, మా అమ్మ మాయమ్మ అయినట్టు తేయాకు. తమాషా ఏంటంటే చైనాలో కూడా దాన్ని చాయె అంటారు, చా అంటే టీ, యె అంటే ఆకు, అచ్చం మన తేయాకే!

› టీకి గాలి తగలకూడదంటారు, మరి చైనా ప్యుఎర్ టీ ఏళ్ల తరబడి దాస్తారటగా గురువుగారూ?

దాని దారి వేరండి. చైనాలో యున్నాన్ రాష్ట్రంలో చేస్తారు, 357 గ్రాముల బిళ్లలు, ఏడేసి చొప్పున వెదురు పొరలో చుట్టి కడతారు. దానికి కాస్త గాలి ఆడాలి, మెల్లగా మాగుతుంది, మన పాత బియ్యం సంగతే అనుకోండి. ఆకుపచ్చ టీకైతే గాలి చొరని తగరం డబ్బా. అసలు బిళ్ల కట్టడం మోతకీ సుళువే, టీ మూటలు మనుషుల వీపుల మీద, కంచర గాడిదల మీద టిబెట్ దాకా వెళ్లేవి. అక్కడ టీ ఇచ్చి గుర్రాలు తెచ్చుకోడానికి చైనా సొంగ్ రాజుల ప్రభుత్వం 1074లో ఏకంగా ఒక ఆఫీసే పెట్టింది.

› ఇంతకీ క్యాడీకి తెలుగు మాట ఏం ఖాయం చేద్దాం?

టీ డబ్బా ఉందిగా అండి. ప్రస్తుతానికి మా ఇంట్లో అది పాత హార్లిక్స్ సీసా, ఇంగువ ఉన్న అరకి రెండు అరలు పైన.