సమస్య: గాలి కప్పినవానికిఁ గలదె వణుకు

నిర్వాహకుడు (రాయగడ): తెల్లవారుజామున స్టేషన్లో ఒక కూలీ, రెండు వదులు చొక్కాల మీద పాత స్వెట్టరు వేసుకుని హాయిగా టీ తాగుతున్నాడు. బిగుతు జాకెట్లో నేను వణుకుతున్నాను. అక్కడే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యాలు కానివ్వండి.

గుణుపురం మాస్టారు:
బిగుతు చొక్కాలు విడనాడి వెడఁద పొరలు
తొడిగి పొరపొర నడుమను దూర ముంచి
కట్టి చుట్టక గాలికిఁ గది నొసంగి
గాలి కప్పినవానికిఁ గలదె వణుకు

జయపురం బావ: మాస్టారూ, గాలికి గది ఇవ్వడం చాలా బాగుంది. కానీ మీ గదికి తలుపు లేదు! దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ, 1672 మీటర్లు. సెమిలిగూడ నుంచి అటు పొద్దున్నే బండి మీద వెళ్లి చూడండి. వదులు చేతుల్లోంచి దూరిన గాలి ఒంట్లో వేడినంతా పట్టుకుపోతుంది. వెచ్చగా ఉంచేది నిలిచిన గాలే. ‘కట్టి చుట్టక’ తీసేసి ‘కదలనీయక’ అనండి. నా పూరణ:

జయపురంబునఁ బుష్యపుఁ జలికి నేను
ముక్కు కారంగ నరుగుపై మునగదీయ
పాత రగ్గును వదులుగాఁ బరచి వెచ్చ
గాలి కప్పినవానికిఁ గలదె వణుకు

గుణుపురం మాస్టారు: ‘కదలనీయక’ తీసుకున్నాను బావగారూ. మెడ దగ్గర, మణికట్ల దగ్గర మూసి లోపల వదులుగా ఉంచాలన్న మాట ఆ ఒక్క పదంలో వచ్చేసింది. ‘వెచ్చగ, ఆలి’ అని విడదీసి ఆలిని తెచ్చిన విరుపూ ముచ్చటగా ఉంది. అయితే ‘వెచ్చగన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం (ద్రుతం) ఉన్న మాట. అచ్చు పరమైతే ‘వెచ్చగ నాలి’ అవుతుంది. దసరా పూరణలోనూ ద్రుతాన్ని ఇలాగే మింగేశారు.

జయపురం బావ: దసరాకి మీరు ‘చెరకు’కి ‘చామంతి’ని యతి వేయలేదా, ఎ-ఆ అచ్చులు కలవకపోయినా? ఆ రోజు ఎవరూ పట్టుకోలేదు గానీ నేను రాసిపెట్టుకున్నాను.

బరంపురం పిన్ని: దసరా అయిపోయింది నాయనా. మూడో పాదం ఇలా మార్చు:

పాత పెట్టెను వెదకి తా వదులగు తొడు
గాలి కప్పినవానికిఁ గలదె వణుకు

తొడుగు, ఆలి. ద్రుతం గొడవ లేదు. ఇంకో మాట, చెమటకి లోపలి నూలు బనియను తడిస్తే వెంటనే మార్చుకోండి. ఆ తడి ఉన్నంతసేపు పైన ఎన్ని పొరలున్నా చలి వదలదు.

జయపురం బావ: పిన్నిగారూ, సంధి అతికినట్టు కుదిరింది. మా ఆవిడకి చదివి వినిపిస్తే, “నేను కప్పింది రగ్గు కదా, అదెక్కడికి పోయింది?” అంది. రగ్గు ఉండాల్సిందేనట. రాత్రికి మళ్లీ కూర్చుంటాను.