బొలెరో వెనక డిఫరెన్షియల్: లాకరా, ఎల్‌ఎస్‌డీనా?

లంక_కుర్రోడు
అందరికీ నమస్తే అండి. మాది రాజోలు పక్కన. ఇంట్లో పాత బొలెరో ఉంది, వెనక చక్రాల బండి, కాయ దింపయ్యాక తోటలోంచి రోడ్డెక్కించాలంటే వానాకాలంలో చుక్కలు కనిపిస్తాయి, ఎడమ చక్రం బురదలో గిర్రున తిరుగుతా ఉంటది, కుడి చక్రం గట్టి నేల మీదే ఉన్నా కదలదు. బండి మారుద్దామని చూస్తుంటే బొలెరో నియో పై వేరియంట్‌లో లాకింగ్ డిఫరెన్షియల్, అదే లాకర్, ఉందన్నారు. మా బావేమో హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, లాకర్ దేనికిరా, ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) వేయించు, రెండూ ఒకటే అంటాడు. నిజమేనా? యూట్యూబ్‌లో చూస్తే అన్నీ డ్రిఫ్టింగ్ వీడియోలే వస్తున్నాయి.

దమ్ము_ట్రాక్టర్
ఒకటి కాదండి. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి ఓ పక్క చక్రం దిగబడితే డ్రైవరు మడమతో ఓ పెడల్ తొక్కుతాడు చూడండి, అదే లాక్. తొక్కినంతసేపు రెండు చక్రాలూ ఒకే స్పీడులో తిరుగుతాయి. బయటపడగానే కాలు తీసేస్తాడు. మడి చివర తిప్పేటప్పుడు మాత్రం తొక్కడు, తొక్కితే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి నేరుగా గట్టు మీదకి ఎక్కేస్తది. ఎల్‌ఎస్‌డీ సంగతి నాకంతగా పట్టదు, ఎవరైనా చెప్పండి.

క్రౌన్_పినియన్
నేను చెప్తా. ముందు మీ పాత బండి సంగతి. డిఫరెన్షియల్ అంటే మలుపుల్లో రెండు చక్రాలనీ వేరే వేరే స్పీడుల్లో తిరగనిచ్చే గేర్లు. మామూలుది రెండు పక్కలకీ టార్క్, అంటే తిప్పే బలం, సమానంగానే పంచుద్ది. బలమంతా తిరిగే చక్రానికే పోతుందని అందరూ అంటారు గానీ అది కరెక్ట్ కాదు. బురదలో చక్రం జారడానికి 100 న్యూటన్ మీటర్లు చాలనుకోండి, గట్టి నేల మీద ఉన్నదానికీ ఆ 100 మాత్రమే వస్తుంది, దాంతో బండి లేవదు. పైగా ఒకటి ఆగిపోతే దాని తిరుగుడు కూడా రెండోదానికే పోతది, మీటర్‌లో 20 చూపిస్తుంటే బురదలో చక్రం 40లో తిరుగుతున్నట్టు. అందుకే అంత తొందరగా గుంట తవ్వేస్తది.

ఎల్‌ఎస్‌డీ రెండు చక్రాలనీ ఓ హద్దు వరకే కలుపుద్ది. క్లచ్ ప్లేట్ల రకం ఒకటి, టోర్సెన్ లాంటి గేర్ల రకం ఒకటి. గేర్ల రకంలో రెండు చక్రాల టార్క్ నిష్పత్తి 2.5 అనుకుంటే, బురద చక్రం 100 దగ్గర జారితే గట్టి నేల మీద చక్రానికి 250 దాకా వెళ్తుంది. కానీ చక్రం గాల్లోకి లేచిందా, సున్నాని దేంతో గుణించినా సున్నాయే. ప్లేట్ల రకంలో స్ప్రింగుల ఒత్తిడి ముందే ఉంటది కాబట్టి అప్పుడూ కొంత అందుతుంది, అయితే ప్లేట్లు అరుగుతాయి, దానికి తగ్గ ఆయిల్ పోయకపోతే మలుపుల్లో కటకటలాడుద్ది. లాకర్‌కి ఈ లెక్కలేమీ లేవు, ఒక చక్రం గాల్లో ఉన్నా ఉన్న బలమంతా రెండోదానికే.

మరి ఎల్‌ఎస్‌డీ దేనికంటే తారు రోడ్డుకి. స్పీడుగా మలుపు తిరిగితే లోపలి చక్రం తేలికపడి జారుతుంది, దాన్ని ఆపుతూనే రెండు చక్రాలూ వేరే వేరే స్పీడుల్లో తిరగడానికి చోటిస్తది. మీ బావ చూసేవి ఆ కార్లే అయ్యుంటాయి.

నియోలోది ఈటన్ వాళ్ల మెకానికల్ లాకర్, బటన్ ఉండదు. రెండు చక్రాలకీ తేడా సుమారు 100 ఆర్‌పీఎం వస్తే తనంతట తనే లాక్ పడుద్ది, స్పీడు సుమారు 30 కిలోమీటర్లు దాటాక పడదు. కాబట్టి చక్రం జారగానే కంగారుపడి యాక్సిలరేటర్ వదిలేయకండి, కాస్త తిరగనిస్తేనే అది పట్టుకుంటుంది.

అమలాపురం_స్టీరింగ్
ఇంత లెక్కలెందుకండీ బాబూ, హ్యాండ్ బ్రేక్ సగం లాగి మెల్లగా రేస్ ఇస్తే వచ్చేస్తది, మేమంతా అదే చేస్తాం.

క్రౌన్_పినియన్
మామూలు డిఫరెన్షియల్‌లో దానివల్ల లాభం లేదండి. హ్యాండ్ బ్రేక్ రెండు చక్రాలనీ పట్టుద్ది, బురద చక్రం దగ్గర పెరిగిన బలమంతా రెండో చక్రం దగ్గర బ్రేకే తినేస్తది. గేర్ల రకం ఎల్‌ఎస్‌డీలో మాత్రం పనిచేస్తుంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేక్ 200 ఆపుతుందనుకోండి, అదే 2.5 లెక్కన రెండోదానికి 500 వెళ్తుంది, దాని బ్రేకుకి 200 పోయినా 300 మిగులుద్ది.

గట్టు_మీద_బండి
ఒక్క మాట, ఇది ఎవరూ చెప్పట్లేదు. లాకర్ ఉంది కదా అని వాన పడ్డాక కాలవ గట్టు మీదకి తోలేయకండి. గట్టు అంచులు వాలుగా ఉంటాయి కదా, మామూలు బండికి ఒక చక్రం జారినా రెండోది తిరగకుండా నేలని పట్టుకుని వెనక భాగాన్ని పక్కకి పోనివ్వదు. లాక్ పడితే రెండూ ఒకేసారి జారతాయి, ఇక వెనక చక్రాలకి పట్టుండదు, తోక సీదా కాలవ వైపే. బిగుతు ఎల్‌ఎస్‌డీ ఉన్నా అదే కథ. తోటలో, చదును బురదలో లాకర్ రాజా, వాలు మీద మాత్రం గ్యాస్ తగ్గించి పాకించుకుంటూ పోవాలి.

లంక_కుర్రోడు
ఆయ్, ఇప్పుడర్థమైందండి. బావకి ఈ పేజీయే పంపిస్తా. ఇంకోటి, మా దగ్గర వెల్డింగ్ మేస్త్రీ పాత బండిలోనే డిఫరెన్షియల్ లోపలి స్పైడర్ గేర్లు అతికించేస్తానంటున్నాడు, ఖర్చు తక్కువని.

క్రౌన్_పినియన్
వద్దు. అది ఎప్పటికీ విడవని లాక్, తారు రోడ్డు మీద ప్రతి మలుపులో టైర్లు గీరుకుపోతాయి, ఏదో రోజు యాక్సిల్ విరుగుద్ది. పాత బండి ఇంకో సీజన్ వాడేట్టయితే ముందుగా వెనక టైర్లు రెండూ మంచి గళ్ళవి వేయించండి. నియో తీసుకున్నాక మాత్రం ఒకటి గుర్తుంచుకోండి, ఒక్క వెనక చక్రాన్ని జాకీ మీద లేపి ఇంజన్ గేర్లో వేసి తిప్పి చూడకూడదు, లాక్ పడిందంటే నేల మీదున్న చక్రం లాగేసి బండి జాకీ మీంచి దూకేస్తది. మీ మెకానిక్‌కి కూడా ముందే చెప్పండి.