వెనక అద్దం మీద పాత సన్‌ఫిల్మ్: ఎండలో అమ్మోనియానా, ఆవిరా?

పొట్టంగి ఘాట్:
పదేళ్ళు దాటిన హ్యాచ్‌బ్యాక్. డోర్ల ఫిల్మ్ ఊదారంగుకి తిరిగింది. వెనక అద్దం నిండా బుడగలు, రాత్రి వెనకొచ్చే బండి లైటు చెదిరిపోయి కనిపిస్తోంది. వెనక అద్దానికి డీఫాగర్ గీతలున్నాయి, అంటే కరెంటుతో వేడెక్కి అద్దం మీది మంచుని పోగొట్టేవి. శీతాకాలం సుంకి ఘాట్ పొగమంచులో అవి పనిచేయకపోతే కష్టం. ఒకరు బ్లేడుతో గీకేద్దామంటారు, ఒకరు హీట్ గన్ అంటారు, ఇంకొకరు అమ్మోనియా, నల్ల కవరు అంటారు. గీతలు దెబ్బతినకుండా ఏది మేలు?

రాయగడ ఎండ:
అమ్మోనియానే. ఫిల్మ్ అంటే పాలిస్టర్ పొర, దాని వెనక యాక్రిలిక్ జిగురు. పొర ఎవరు లాగినా వస్తుంది, అద్దం మీద ఉండిపోయే జిగురుతోనే తంటా. పెద్ద నల్ల చెత్త కవరుని చీల్చి పరచండి. అద్దానికి బయటివైపు సబ్బునీళ్ళు కొట్టి కవరు అతికించి, అద్దం కొలతకి కత్తిరించి పక్కన పెట్టండి. లోపల ఫిల్మ్ మీద అమ్మోనియా కొట్టి, ఆ కవరు దాని మీద పరిచి, ముడతలు లేకుండా చేత్తో ఒత్తండి. మంచి ఎండలో గంట, గంటన్నర ఉంచితే ఫిల్మ్ జిగురుతో సహా వస్తుంది.

ల్యాబ్ కెమికల్స్ కొట్లో దొరికే లైకర్ అమ్మోనియా (నీళ్ళలో కరిగిన అమ్మోనియా) సుమారు 25 శాతం ఉంటుంది. అలాగే వాడకూడదు. ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలిపితే 5 శాతానికి వస్తుంది, అది చాలు. డోర్లన్నీ తెరిచి ఉంచాలి. కళ్ళద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. బ్లీచింగ్ కలిసిన క్లీనర్ ఏదీ ఆ దగ్గరికి రానివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

జయపురం ఆవిరి:
రాయగడ అన్నా, మే నెలలో మీ ఊళ్ళో ఇది నడుస్తుంది. పొట్టంగిలో డిసెంబరు ఎండకి అద్దం గోరువెచ్చనైనా అవ్వదు. పైగా ఫిల్మ్ లోపలివైపు గీసుకుపోకుండా గట్టి పూత ఉంటుంది, ద్రవం దాన్ని దాటుకుని జిగురు దాకా తేలిగ్గా దిగదు. మీరు చెప్పే పద్ధతిలో సగం పని చేసేది నల్ల కవరు కింద పుట్టిన వేడే. ఆ వేడేదో ఆవిరితో నేరుగా ఇస్తే సరిపోతుంది కదా? బట్టలకి పట్టే చిన్న స్టీమర్ చాలు.

పై మూల నుంచి మొదలుపెట్టాలి. అరచెయ్యంత మేర ఆవిరి పట్టి, అద్దం మీద చెయ్యి ఆన్చలేనంత వేడెక్కాక గోరుతో మూల లేపండి. లేచిన ఫిల్మ్‌ని ఎదురుగా లాగొద్దు. అద్దానికి దగ్గరగా వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి, ఇంకా అంటుకుని ఉన్న అంచు మీద ఆవిరి పడుతూనే ఉండాలి. తొందరపడితే పొర ఒక్కటే వచ్చి జిగురు అద్దం మీదే ఉండిపోతుంది. అలా జరిగినచోట లాగడం ఆపి, అక్కడే మళ్ళీ వేడి చేయండి.

గుణుపురం ఎలక్ట్రీషియన్:
వేడి ఎలా ఇచ్చినా సరే, వెనక అద్దానికి లోపలివైపు బ్లేడు తాకకూడదు. ఆ గీతలు గాజు లోపల లేవు. వెండి కలిపిన పేస్టుని గాజు మీద అచ్చువేసి కాల్చినవి. ఫిల్మ్ వాటి పైన అంటించి ఉంటుంది, అంటే బ్లేడు నేరుగా గీత మీదికే వస్తుంది. కొన్ని బండ్లలో రేడియో యాంటెన్నా కూడా అదే అద్దం మీద ఉంటుంది. రెండు చివర్లా నిలువు పట్టీలకి టంకం వేసిన వైరు ట్యాబులుంటాయి, ఫిల్మ్ లాగే ఊపులో అవి ఊడిపోకుండా ముందే చూసుకోండి.

పని మొదలుపెట్టకముందే గీతలు పరీక్షించండి, పాత లోపమేదో కొత్తదేదో తెలుస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా డీఫాగర్ ఆన్ చేసి, మల్టీమీటర్ నల్ల తీగ బాడీకి, ఎర్రది గీతకి ఆన్చండి. ఒక చివర 12 వోల్టులు పైగా, మధ్యలో సుమారు సగం, రెండో చివర సున్నా దగ్గర చూపించాలి. ఎక్కడ ఉన్నట్టుండి పూర్తి వోల్టు నుంచి సున్నాకి దూకితే తెగింది అక్కడే. చిన్న తెగుడైతే కండక్టివ్ సిల్వర్ పెయింట్‌తో కలపొచ్చు: గీతకి అటూ ఇటూ టేపు వేసి, రెండువైపులా పాత గీత మీదికి కొంచెం ఎక్కేలా పూయాలి. పొడవునా చెక్కుకుపోతే అద్దం మార్చడమే.

రాయగడ ఎండ:
గీతల మాట ఒప్పుకుంటాను, అమ్మోనియా వాడినా బ్లేడు ఎలాగూ పెట్టకూడదు. కానీ ఆవిరికి కరెంటు కావాలి, నీడలో బండి నిలిపే చోటు కావాలి, గంటల తరబడి చెయ్యి ఎత్తి పట్టుకోవాలి. ఏటవాలు వెనక అద్దం కింద సీటు మడిచి మెడ వంచి పనిచేయడం ఎంత కష్టమో కూడా చెప్పండి. నల్ల కవరైతే అద్దమంతా ఒకేసారి మెత్తబడుతుంది.

జయపురం ఆవిరి:
కష్టమే, కాదనను. కానీ అమ్మోనియా కారేది వెనక పార్సెల్ ట్రే మీదికి, స్పీకర్ల మీదికి, సీటు ఫోము లోకి. ఆ వాసన ఒకంతట పోదు. ఆవిరికి తడి టవలు పరిస్తే చాలు.

బరంపురం:
డోర్ అద్దాలకి ఇంత చర్చ అక్కర్లేదు. వాటి మీద గీతలుండవు కాబట్టి బయటివైపు నుంచి హీట్ గన్ ఆడిస్తూ లాగేయొచ్చు. గన్ ఒకేచోట నిలపకండి, వేడి అద్దం మీద చన్నీళ్ళు పొయ్యకండి, పగుళ్ళు వచ్చేది అక్కడే. అద్దాన్ని నాలుగు వేళ్ళ మేర దించి పై అంచు నుంచి మొదలుపెట్టి, తర్వాత పూర్తిగా ఎత్తి కిందిదాకా రండి. ఫిల్మ్ చివర కింది రబ్బరు లోపలికి దిగి ఉంటుంది. అక్కడ తెగితే ఆ ముక్క రబ్బరుకి అంటుకుని, అద్దం ఎత్తి దించిన ప్రతిసారీ జిగురు చారలు గీస్తుంది. పవర్ విండో స్విచ్చుల మీద ప్లాస్టిక్ కప్పి టేపు వేయండి.

మిగిలిన జిగురు మీద సబ్బునీళ్ళలో తడిపిన పాత న్యూస్‌పేపరు అరగంట అంటించి ఉంచితే తెల్లగా ఉబ్బుతుంది. డోర్ అద్దం మీద కొత్త బ్లేడు, అద్దం తడిగా ఉండగా, ఒకేవైపు తొయ్యాలి. ఆరిన అద్దం మీద ఇసుక రేణువు ఒక్కటి బ్లేడు కింద పడినా గీత శాశ్వతం. వెనక అద్దం మీద మాత్రం మైక్రోఫైబర్ గుడ్డ, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గీతల వెంబడే అడ్డంగా రుద్దడం. నిలువుగా వద్దు. థిన్నరు, పెట్రోలు బండి లోపల వాడనే వద్దు: ఆవిర్లకి మంట అంటుకోవచ్చు, రెగ్జినూ రబ్బరూ కూడా పాడవుతాయి.

ఇంకో మాట. తీశాక మళ్ళీ నల్ల ఫిల్మ్ వేయించే ఆలోచన ఉంటే లెక్క చూసుకోండి. రూలు ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలి. కంపెనీ అద్దమే 80 శాతం వదిలేదైతే, దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 40.

పొట్టంగి ఘాట్:
డోర్లకి హీట్ గన్, వెనకకి ఆవిరి అనుకుంటున్నాను. పైనున్న మూడో బ్రేక్ లైటు అద్దానికి ఆనుకుని ఉంది, ఫిల్మ్ దాని వెనక్కి పోయినట్టుంది. లైటు చుట్టూ కోసేస్తే చాలదా?

గుణుపురం ఎలక్ట్రీషియన్:
కోయొద్దు తమ్ముడూ, పై గీత దాని పక్కనుంచే పోతుంది. లైటు కవరు కొన్ని బండ్లకి రెండు స్క్రూలు, కొన్నింటికి క్లిప్పులు. క్లిప్పులకి ఇనుప స్క్రూడ్రైవరు పెట్టకుండా ప్లాస్టిక్ ముక్కతో లేపండి, పాత ప్లాస్టిక్ విరిగిపోతుంది. కనెక్టరు ఊడదీసి లైటు పక్కన పెట్టి, అక్కణ్ణుంచే ఆవిరి మొదలుపెట్టండి. అన్నీ బిగించాక బ్రేక్ తొక్కి లైటు చూసి, డీఫాగర్ వేసి మీటరు రీడింగులు మొదటివాటితో పోల్చుకోండి.