ఊడిపడిందా, దిగివచ్చిందా? పాత సిట్రోయెన్ కారు మీద ఒక వాక్యం

పెరటిజామ:
నమస్తే అందరికీ. ఒక వాక్యం పంటికింద రాయిలా తగులుతోంది. ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ 'మిథాలజీస్'లో అప్పటికి కొత్తదైన సిట్రోయెన్ డీఎస్ కారు మీద చిన్న వ్యాసం ఉంది కదా, అందులో కార్లు ఈ కాలపు గోథిక్ కెథడ్రల్స్, అంటే మధ్యయుగపు పెద్ద చర్చిలు, అన్న మాట తర్వాత వచ్చే వాక్యం. తెలుగులో ఎక్కడో చదివాను, ఎవరు చేశారో గుర్తులేదు. "ఈ కారు ఆకాశం నుంచి ఊడిపడింది" అని నా జ్ఞాపకం. మా అన్నయ్య మాత్రం "దిగివచ్చింది" అంటాడు. ఊడిపడింది అంటే వెక్కిరింపు కదా, అంత మురిసిపోతూ రాసిన వ్యాసంలో అది ఎలా పొసుగుతుంది?

నిఘంటువు నాగన్న:
ఊడిపడాలంటే ముందు దేనికో అంటుకుని ఉండాలమ్మా. పన్ను ఊడుతుంది, గొళ్లెం ఊడుతుంది, గుండీ ఊడుతుంది. ఆకాశానికి కారుని ఎవరు బిగించారు? ఇక దిగివచ్చాడు అంటే బెట్టు మాని దారికొచ్చాడని అర్థం. 1955 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో తెర తీసిన రోజే 12,000 ఆర్డర్లు తెచ్చుకున్న బండి ఎవరికోసం దిగిరావాలి? నా ఓటు "రాలింది"కి. చుక్కలకి వాడే మాట, ఆకాశంతో సరిగ్గా కుదురుతుంది.

యానాం రేవు:
అందరూ భూతకాలంలోనే కొట్టుకుంటున్నారు. ఫ్రెంచిలో ఉన్నది "తోంబ్", వర్తమానం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి "పడింది" అయి కూర్చుంది, ఈ తెలుగు ఆ ఇంగ్లీషు నుంచే వచ్చినట్టుంది. పక్కనే "మానిఫెస్త్‌మాఁ" అని ఇంకో మాట ఉంది, తేటతెల్లంగా అని, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అసలు కిటుకు బండి పేరులో ఉంది. డీ, ఎస్ అనే రెండక్షరాలనీ ఫ్రెంచి వాళ్లలా కలిపి పలికితే "దెయెస్", అంటే దేవత. దేవత పైనుంచి వస్తే మనకి మాట సిద్ధంగా ఉంది, అవతరించింది. అవతరణం అంటేనే దిగడం. ఇక చర్చ ముగించొచ్చు.

నిఘంటువు నాగన్న:
ఎక్కడ ముగిసిందండీ? అవతారాలు విష్ణుమూర్తి వ్యవహారం. గ్రామదేవతలు ఎప్పుడైనా ఆకాశం నుంచి వచ్చారా? పుట్టలోంచో పొలంలోంచో వెలుస్తారు. దేవత అనుకుంటే "వెలసింది" అనాలి, అప్పుడు మీ ఆకాశం కాస్తా పోతుంది.

స్పానరు శీను:
మాటల సంగతి మీరు చూసుకోండి గానీ, ఆ బండి స్టార్ట్ చేస్తుంటే ఎవరైనా చూశారా, కనీసం వీడియోలో? ఆపి ఉంచితే పొట్ట నేలకి ఆనుతుందేమో అన్నంత కిందికి కూర్చుంటుంది. ఇంజన్ వేశాక నిదానంగా లేస్తుంది. స్ప్రింగులు లేవు దానికి, ఉక్కు గోళాల్లో నైట్రోజన్ గ్యాసు, దాన్ని నొక్కుతూ ఆయిల్. పోల్ మాజెస్ అనే ఇంజనీరు పని అది. అదే ఆయిల్ ప్రెషర్‌తో బ్రేకులూ, స్టీరింగూ, క్లచ్చూ కూడా. బ్రేకుకి పెడల్ ఉండదు, నేల మీద పుట్టగొడుగంత రబ్బరు గుండీ ఉంటుంది, దాన్ని తొక్కడం కాదు, ఇలా ఆనిస్తే చాలు. కాబట్టి ఆకాశం నుంచి పడటం కాదు సార్, కిందినుంచి పైకి లేవడం. "ఇంతింతై వటుడింతయై మరియు తానింతై నభోవీధిపై".

బండి ఱ:
పోతనగారిని ఇలా టైపు చేయడం అన్యాయం. "మఱియుఁ దా నింతై నభోవీథిపై". బండి ఱ ఉండాలి, అరసున్న ఉండాలి, అరసున్న ఉంది కాబట్టే "తా" కాస్తా "దా" అయింది, వీథికి థ. అయినా ఆ శార్దూలం ఎందుకు అంత ఎత్తుగా వినిపిస్తుందో చూడండి, ప్రతి పాదంలో "ఇంతై", "అంతై" అనే మెట్టు వేసుకుంటూ తోయదమండలం, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం దాటిస్తాడు. వామనుడు ఎంత పెరిగాడో ఎక్కడా చెప్పడు, దేన్ని దాటాడో మాత్రమే చెబుతాడు. శీనుగారి కారు ఓ పదంగుళాలు లేస్తుందేమో, ఈ పద్యం ఎక్కువ దానికి.

కరణంగారి మనవరాలు:
మరి ఆ తర్వాతి పద్యం మాటేమిటి? "రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై" అని మొదలయ్యేది. సూర్యుడు మొదట గొడుగు, తర్వాత తలమీది మణి, చెవి కమ్మ, మెడలో నగ, అలా దిగుతూ దిగుతూ చివరికి పాదపీఠం. నాకైతే "ఇంతింతై" కంటే ఇదే గొప్ప, ఎందుకంటే ఇక్కడ ఎవరూ పెరిగినట్టు చెప్పడు, సూర్యుణ్ణి కిందికి దించుతాడంతే. ఇక గొడుగు అన్నాను కనుక, సిట్రోయెన్ వాళ్లదే ఇంకో బండి ఉంది కదా, "గొడుగు కింద నాలుగు చక్రాలు" చాలు అని వాళ్ల పెద్దాయన పియెర్ బూలాంజే అడిగాడని చెప్పుకుంటారే, ఆ 2సీవీ. నాగన్నగారు చెప్పిన "వెలసింది" దానికి సరిగ్గా సరిపోతుంది. పొలం కోసం పుట్టిన బండి అది.

స్పానరు శీను:
నిజం. ఇద్దరు రైతులు, యాభై కిలోల బంగాళాదుంపలు, గంటకి 60 కిలోమీటర్లు, దున్నిన పొలంలో పోతున్నా బుట్టలో గుడ్లు పగలకూడదు, ఇదీ ఆర్డరు. 1948లో పారిస్‌లో చూపించినప్పుడు పత్రికలు నవ్వాయి. 375 సీసీ ఇంజన్, తొమ్మిది హార్స్‌పవర్. 2సీవీ అంటే రెండు గుర్రాలు, అది అసలు శక్తి కాదు, టాక్సు లెక్క. ఫ్రాన్సులో ఇంజన్ పెద్దదైతే టాక్సు పెరిగేది, అందుకే చిన్న ఇంజన్ పెట్టి మిగతా తెలివంతా సీట్ల మీదా సస్పెన్షన్ మీదా ఖర్చుపెట్టారు. సీట్లు గొట్టాలకి బిగించిన గుడ్డ, పైకప్పు చుట్టచుట్టేసే కాన్వాసు, బానెట్ మీద గీతలు అందానికి కాదు, పల్చటి రేకు వంగకుండా. ఇప్పుడు వినండి, ఈ రేకుడబ్బాని, దెయెస్‌ని, అంతకు ముందు 1934 నాటి ట్రాక్షన్ ఆవాఁని, మూడింటినీ గీసింది ఒక్కడే. ఫ్లామినియో బెర్తోనీ, ఇటలీవాడు, శిల్పి. ఇంజనీరింగ్ వైపు ఆంద్రే లెఫెవ్ర్, ఆయన అంతకు ముందు వాజాఁ కంపెనీలో విమానాల పని చూసినవాడు. శిల్పినీ విమానాలవాణ్ణీ ఒక గదిలో పెడితే ఇంకేం పుడుతుంది?

పెరటిజామ:
అయ్యా, నా ప్రశ్న "ఊడిపడింది" గురించి.

యానాం రేవు:
అక్కడికే వస్తున్నాను. శీనుగారి మాటతో బార్త్ వాక్యం ఇంకోటి దెబ్బతింటుంది. కెథడ్రల్స్ లాగే కార్లని కూడా పేరు తెలియని కళాకారులు తపనతో కట్టారంటాడు. బెర్తోనీ పేరు తెలియకపోవడం ఏమిటి? ఆ తర్వాత క్రీస్తు అంగీకి కుట్టు లేదు, అంతరిక్ష నౌకలకి అతుకు లేదు, అదే పరిపూర్ణత అంటూ మొదలుపెడతాడు.

స్పానరు శీను:
అతుకు లేకపోవడమా! ఆ బండి మొత్తం అతుకులే, అదే దాని అందం. లోపల ఒక అస్థిపంజరం, రేకులన్నీ దానికి బోల్టులతో తగిలించినవే. వెనక టైరు మార్చాలంటే మడ్‌గార్డు మొత్తం తీసి పక్కన పెట్టాలి, దానికున్నది ఒక్క బోల్టు. పైకప్పు ఫైబర్‌గ్లాసు, బరువు కిందే ఉండాలని. వెనక ఇండికేటర్లు పైకప్పు మూలల్లో గొట్టాల్లాగా. స్టీరింగుకి ఒకటే కడ్డీ. ముందు చక్రాల మధ్య దూరం వెనకదాని కంటే ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ, అందుకే పైనుంచి చూస్తే వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. నవ్వొచ్చేదేమిటంటే ఇంత చేసి ఇంజన్ మాత్రం ట్రాక్షన్ నాటి పాతదే సర్దారు, కొత్తది తయారు కాలేదు.

నిఘంటువు నాగన్న:
చూశారా, బోల్టు ఉంది. బోల్టు ఉంటే ఊడుతుంది. పెరటిజామగారి "ఊడిపడింది"కి నేను ఇప్పుడు సగం ఒప్పుకుంటున్నాను, కారణం మాత్రం వేరు.

కరణంగారి మనవరాలు:
ఫ్రెంచి కార్లంటే వింత ఆకారం కోసం వింతగా చేస్తారని ఒక అపవాదు ఉంది, అది తప్పు. 1961 రెనో 4 తీసుకోండి, ఎడమ చక్రాల మధ్య దూరం, కుడి చక్రాల మధ్య దూరం ఒకటి కాదు. వెనక టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ స్ప్రింగుల పని చేసే కడ్డీలు, రెండూ అడ్డంగా ఒకదాని వెనక ఒకటి పెట్టాల్సి వచ్చింది, అందుకని ఒక చక్రం ముందుకి జరిగింది, జరిగితే జరిగిందిలే అని వదిలేశారు. జర్మనీవాడికి నిద్ర పట్టదు. అదే ఏడాది సిట్రోయెన్ ఆమీ 6 వెనక అద్దం లోపలికి వాలి ఉంటుంది, వెనక కూర్చున్నవాళ్ల తలకి చోటు కావాలి, డిక్కీ మూతా పెద్దది కావాలి. అందం సంగతి తర్వాత. 1965 రెనో 16లో వెనక డోరుతో ఫ్యామిలీ కారు, 1984 ఎస్పాస్, 1992లో కప్పకళ్ల ట్విన్గో, వీటన్నిటిలో ముందు మనిషిని కూర్చోబెట్టి తర్వాత రేకు చుట్టారు. నా దృష్టిలో ఫ్రెంచితనం ఇదే.

యానాం రేవు:
పెజో కంపెనీని వదిలేశారు. వాళ్ల 504కి ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా గీసిన ఆ వాలిన డిక్కీ, ఆఫ్రికా రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన బండి, వింత అస్సలు లేదు. ఒద్దికగా ఉండటం కూడా ఫ్రెంచివాడి లక్షణమే. సిట్రోయెన్‌ని చూసి దేశం మొత్తాన్ని అంచనా వేయకండి.

స్పానరు శీను:
ఒద్దిక సంగతి ఇప్పటి పెజోలో చూడండి, బొమ్మ కారు స్టీరింగంత చిన్న స్టీరింగు పెట్టి, మీటర్లు దాని మీదనుంచి చూడమంటాడు. నా ఎత్తుకి స్పీడు సగమే కనిపిస్తుంది.

బండి ఱ:
ఇప్పటివాటిలో ఏముందండీ, అన్నీ పాత ఫోటోలు చూసి గీసినవే. కొత్త రెనో 5 వచ్చింది 2024లో, పాత 1972 బండిలో బానెట్ మీద గాలి రంధ్రం ఉన్నచోట ఇప్పుడు బ్యాటరీ ఛార్జింగ్ ఎంతైందో చూపించే దీపాలు. పక్కన బగెట్ రొట్టె పెట్టుకునే బుట్ట. దీన్ని వెలసింది అనలేం, అవతరించింది అనలేం. పునర్ముద్రణ అంటారు.

కరణంగారి మనవరాలు:
పునర్ముద్రణ అయినా పీఠిక బాగుంది. ఆ దీపాలకి పని ఉంది, రంధ్రాన్ని ఉత్త అలంకారంగా వదిలేయలేదు. 2014 సిట్రోయెన్ కాక్టస్ తలుపులకి గాలి నింపిన ప్లాస్టిక్ దిళ్లు అంటించారు, పార్కింగులో పక్కవాడి డోరు తగిలితే గీత పడకుండా, అదీ అంతే. పాత పేరు అమ్ముకోవడం చూడాలంటే డీఎస్ బ్రాండుని చూడండి, దేవతని తీసి ఖరీదైన కార్ల షోరూముకి బోర్డు చేశారు.

యానాం రేవు:
పేరంటే గుర్తొచ్చింది. సిట్రోయెన్ వాళ్ల తాతలు హాలండులో నిమ్మకాయల వ్యాపారులు, అదే ఇంటిపేరైంది. పారిస్ వచ్చాక 'e' అక్షరం మీద రెండు చుక్కలు చేరాయి, ఆ చుక్కల వల్లే చివర "యెన్" విడిగా పలుకుతాం.

నిఘంటువు నాగన్న:
అంటే మన నిమ్మగడ్డ వారన్నమాట! అయితే తెలుగువాళ్లే. ఇక నా తుది మాట, "వెలసింది". దేవత అని వాళ్లే పేరు పెట్టారు, పొలం సాక్ష్యం 2సీవీ ఇచ్చింది.

బండి ఱ:
"వెలసింది" అని రాస్తారు, జనం "వెలిసింది" అని చదువుతారు. వాన వెలిసింది, రంగు వెలిసింది. మీ వాక్యంలో కారు రంగు పోయినట్టుంటుంది. ల మీద గుడి ఉందా లేదా, ముందు అది తేల్చండి.

నిఘంటువు నాగన్న:
గుళ్ల బోర్డుల మీద రెండూ ఉన్నాయి, "వెలిసిన" అనే ఎక్కువ.

బండి ఱ:
బోర్డులు రాసేవాళ్లు ప్రమాణమా?

పెరటిజామ:
మా అన్నయ్యకి ఏం చెప్పమంటారు ఇంతకీ?

స్పానరు శీను:
డీఎస్‌కి రంగు వెలిసేదాకా వెళ్లదమ్మా, అంతకుముందే తుప్పు పడుతుంది. కొనే ఉద్దేశం ఉంటే మడ్‌గార్డు ఊడదీయించి లోపల చూడమని చెప్పండి, ఒక్క బోల్టే కదా.